పద్నాలుగు మందికి ఒక ఫోల్డర్

మా డిగ్రీ కాలేజీ కంప్యూటర్లో మగపిల్లలకు ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్ ఉండేది. ఆడపిల్లలం పద్నాలుగు మందిమి. మా అందరికీ కలిపి ఒకటే. దానికి ల్యాబ్ సార్ పెట్టిన పేరు LADIES. బస్సులో సీట్ల మీద రాసినట్టు, పెద్దక్షరాల్లో.

బస్సే నయం. అక్కడ ఎవరి సంచి వాళ్ల ఒళ్లో ఉంటుంది. మా ఫోల్డర్‌లో ఒకరి ఫైలు మీద ఇంకొకరి ఫైలు పడేది. ఒకమ్మాయి తన పనిని 'ప్రాజెక్ట్' అనే పేరుతో దాచుకుని ఇంటికి పోతే, మరునాడు ఇంకో అమ్మాయి అదే పేరుతో తనది దాచేది. ముందుది పోయేది. పోయిందని ఏడిస్తే ల్యాబ్ సార్ "చూసుకోవాలె గదమ్మా" అనేవాడు. మా క్లాసులో నోరున్న పిల్ల ఒకతే. వనపర్తి బజారులో గాజుల దుకాణం వాళ్ల అమ్మాయి. ఆమె ఒకరోజు నిలబడి అడిగింది.

"సార్, అబ్బాయిలకు తలా ఒకటి ఇచ్చిన్రు. మాకెందుకు సార్ ఒకటే?"

"మీకెందుకమ్మా తలా ఒకటి? పెండ్లయితే ఇంటిపేర్లు మారుతయి. మల్ల అవన్ని మార్చుకుంట కూసోవాల్నా నేను?"

క్లాసంతా నవ్వింది. ఆడపిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే మంట. ఆ రోజు డైరీలో మూడే ముక్కలు రాసుకున్నాను: "నవ్వాను. ఎందుకు నవ్వాను?"

ఇది 2005 నాటి మాట. నాది పెబ్బేరు దారిలో ఒక పల్లె. నాయన కౌలుకు తీసుకున్న చేన్లో పల్లికాయ వేసేవాడు. నా డైరీ కూడా పల్లిచేను నుంచి వచ్చిందే. ఎరువుల దుకాణం వాళ్లు రైతులకు ఇచ్చేది. ప్రతి పేజీ అడుగున ఏదో ఒక తెగులు, దానికో మందు ఉంటుంది. ఆ పేజీల మీదే నేను నా మనసులో మాటలు రాసేదాన్ని. మనుషుల ముందు నోరు పెగిలేది కాదు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనడానికి కూడా నా గొంతు చాలక, పక్కనున్న గాజుల పిల్ల నా బదులు పలికేది.

ల్యాబ్ సంగతి చెప్పాలి. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి పోవాలి. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయట. లోపల పన్నెండు పాత మెషిన్లు. వాటిలో ఏమీ ఉండదు. తెర, కీబోర్డు, అంతే. మేం చేసిన పనంతా పోయి దాగేది ఒక పెద్ద మెషిన్‌లో. దాన్ని సర్వర్ అనేవారు. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి కట్టిన చిన్న గదిలో అది ఉండేది. దసరాకు పెట్టిన పసుపు కుంకుమ ఏడాదంతా దాని మీద అట్లాగే ఉండేది. ఇంటర్నెట్ కూడా దానికొక్కదానికే. ఆ గదిలోకి మగపిల్లలు పోవచ్చు, సార్ పక్కన నిలబడి చూడొచ్చు. ఆడపిల్లలు పోకూడదు. ఇరుకు గది, ఎవరన్నా చూస్తే బాగుండదని చెప్పేవారు.

కానీ రోజూ పొద్దున ఆ గది ఊడ్చేది ఆయమ్మ. తాళంచెవి ఆమె కొంగున ఉండేది. ఊడ్చడానికి ఆడమనిషి పోతే ఎవరికీ ఏమీ కాలేదు. నేర్చుకోవడానికి పోతేనే కాలేజీ పరువు పోయేది.

ఇంకో అన్యాయం మా ల్యాబ్ టైము. ఆడపిల్లలు తొందరగా ఇళ్లకు చేరాలి కాబట్టి మాకు పదకొండు నుంచి ఒంటిగంట. వినడానికి మంచిగానే ఉంది. కానీ జనవరి దాటితే మా వైపు కరెంటు కోత సరిగ్గా పదకొండు నుంచి ఒంటిగంట దాకా. సర్వర్‌కు ఒక బ్యాటరీ ఉండేది. అది కూడా ముసలిదై, అయిదు నిమిషాలు ఆపసోపాలు పడి ఆగిపోయేది. రెండు గంటలు మేం నల్లటి తెరల ముందు కూర్చుని చున్నీలతో విసురుకునేవాళ్లం. మధ్యాహ్నం కరెంటు వచ్చేసరికి మగపిల్లల టైము మొదలు.

అందుకని నేను కాగితం మీద నేర్చుకున్నాను. ఆ సర్వర్‌లో బొమ్మలు, బాణాలు ఏమీ ఉండవు. నల్ల తెర మీద ఒక ముక్క రాస్తే దానికి జవాబుగా అది ఒక ముక్క రాస్తుంది. ఏ కమాండ్ ఏం చేస్తుందో చెప్పే పుస్తకం లాంటిది దాంట్లోనే ఉంది. పదకొండుకు ముందు ల్యాబ్ ఖాళీగా ఉంటే, కరెంటున్న కాసేపు నేను అదే చదివేదాన్ని. చదివింది డైరీలో ఎక్కించేదాన్ని. కరెంటు పోయాక డైరీలో ఎడమ పక్క నేను కమాండ్ రాసేదాన్ని, కుడి పక్క మెషిన్ ఏమని జవాబిస్తుందో అదీ నేనే రాసేదాన్ని. మర్నాడు కరెంటున్నప్పుడు కొట్టి చూసి తప్పొప్పులు దిద్దుకునేదాన్ని. గాజుల పిల్ల చూసి, "ఏందే, నువ్వే అడిగి నువ్వే చెప్పుకుంటున్నవ్, పిచ్చి గిట్ల లేసిందా?" అనేది.

పిచ్చి కాదు, నాకది హాయిగా ఉండేది. నోటితో చెప్పక్కర్లేదు, రాస్తే చాలు. తప్పు రాస్తే 'అట్లాంటి ఫైలు లేదు' అంటుంది గానీ పళ్లు బయటపెట్టి నవ్వదు. ఎవరి కూతురివని అడగదు.

ఆ నవంబరులో ఒక సంగతి జరిగింది. మా ప్రాజెక్టులకు ఒక సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. అది నెట్‌లో నుంచి దించాలి. కాలేజీకి ఉన్నది ఒక్కటే టెలిఫోన్ లైను, ప్రిన్సిపాల్ గదిలోని ఫోనుకూ అదే. ల్యాబ్ సార్ దించడం మొదలుపెడతాడు, సగానికి వస్తుంది, అక్కడ ప్రిన్సిపాల్ ఫోనెత్తుతాడు. లైను తెగుతుంది. మళ్లీ మొదటి నుంచి. వారం రోజులు ఇదే తంతు. ప్లైవుడ్ వెనక నుంచి సార్ తిట్లు మాకు వినబడేవి. ప్రిన్సిపాల్‌ను తిట్టలేడు కాబట్టి కంప్యూటర్‌ను తిట్టేవాడు.

నాకు జవాబు తెలుసు. wget అని ఒక కమాండ్ ఉంది. దాని పక్కన -c అని చేరిస్తే, తెగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. చదువుతూ చదువుతూ నిద్రపోయి, లేచి పేజీ మడిచిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టినట్టు. డైరీలో నేను దాన్ని రాసుకున్న పేజీ అడుగున పల్లిలో ఆకుమచ్చ తెగులు గురించి ఉంది, అందుకే ఆ పేజీ నాకు బాగా గుర్తు.

చెప్పడానికి నోరు రాలేదు. ఒక చీటీ మీద రాసి గాజుల పిల్లకిచ్చాను. ఆమె ప్లైవుడ్ సందులోంచి లోపలికి తోసింది.

ఆ సాయంత్రం సాఫ్ట్‌వేర్ దిగింది. ప్రిన్సిపాల్ నాలుగుసార్లు ఫోనెత్తినా దిగింది. మర్నాడు క్లాసులో సార్ బోర్డు మీద ఆ కమాండ్ రాసి, "రాత్రంత నిద్రపోకుంట కనిపెట్టిన ఇది. దీనికి ఎక్స్‌పీరియన్స్ కావాలె" అన్నాడు. మగపిల్లలు చప్పట్లు కొట్టారు.

గాజుల పిల్ల నా తొడ గిల్లి, "లేవ్. చెప్పు. నాదని చెప్పు" అంది.

నేను లేవలేదు. బోర్డు మీద ఉన్నదాన్ని నోట్సులో ఎక్కించుకున్నాను. నేను రాసిందాన్ని నేనే చూసి రాసుకున్నాను!

"నీకు సిగ్గు కాదే, రోగం" అంది ఆమె బస్టాండుకు పోతూ. "మా దుకాణంల ఎవరన్న ఒక్క గాజు సంచిల వేసుకున్నా మా అమ్మీ చెయ్యి పట్టుకుంటది. నువ్వు డజను గాజులు దోచుకపోతే కవరు గూడ ఇస్తవ్."

అంతటితో ఆగలేదు. నెల తర్వాత సార్ గాజుల పిల్లను పిలిచి, "ఆ చీటీ ఇచ్చినామెను అడుగమ్మా, ఒక వెబ్‌సైటు మొత్తం ఒక్కసారే దించాల్నంటే ఎట్ల?" అని మెల్లగా అడిగాడట. అంటే ఎవరు రాశారో ఆయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. నాకు ఎంత మండాలి? అయినా రెండో చీటీ రాసిచ్చాను. చదువుకోవడానికి ఏమన్నా దించుతాడేమో, మాకూ పనికొస్తుందేమో అనుకున్నాను. దాంతో ఆయన ఏం దించాడో నాకు మార్చిలో తెలిసింది.

నా ప్రాజెక్ట్ మా శాఖా గ్రంథాలయం రిజిస్టరు. అక్కడి పుస్తకాల పేర్లన్నీ చెదలు తిన్న నాలుగు పెద్ద రిజిస్టర్లలో ఉండేవి. ఒక పుస్తకం కావాలంటే ఆ నాలుగూ మొదటి నుంచి చివరిదాకా తిరగేయాలి. సెలవు రోజుల్లో నేను అక్కడ కూర్చుని పేర్లన్నీ రాసుకొచ్చాను. పేపరు చదివే పెద్దమనుషులు 'ఈ పిల్లకు ఇక్కడేం పని' అన్నట్టు చూసేవారు. రాసుకొచ్చినవన్నీ కంప్యూటర్లో ఎక్కించాను. పుస్తకం పేరులో రెండక్షరాలు కొడితే చాలు, ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెబుతుంది. నేను చేసిన మొదటి సొంత వస్తువు అది. గాజుల పిల్ల వాళ్ల దుకాణం సరుకు లెక్క చేసింది. రెండు-నాలుగు సైజులో ఆకుపచ్చవి ఎన్ని డజన్లు, రెండు-ఆరులో ఎర్రవి ఎన్ని, ఏ పెట్టెలో ఉన్నాయి అని. పద్నాలుగు మందివీ పద్నాలుగు రకాలు. అన్నీ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే.

పరీక్ష రోజు వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు ప్రాక్టికల్స్. మార్కులు వేయడానికి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ సార్ వస్తాడు. ప్రాజెక్ట్ చూపించకపోతే ఫెయిలు. ఫెయిలైతే మళ్లీ ఏడాది దాకా పరీక్ష లేదు. మా ఇంట్లో ఏడాది ఆగే పరిస్థితి లేదు. 'తప్పింది, ఇగ చదువు చాలు' అనడానికి బంధువులు కాచుకుని ఉన్నారు.

చివరిసారి చూసుకుందామని పది గంటలకే ల్యాబ్‌కు పోయాం. గాజుల పిల్ల ముందు కూర్చుంది. కొట్టింది. మళ్లీ కొట్టింది.

"యా అల్లా, మన ఫోల్డర్ లేదే!"

"సరిగ్గ కొట్టు."

"నువ్వే కొట్టుకో. గీడ మగపోరగాండ్లయి అన్ని ఉన్నయి. మనదే లేదు."

నేను కూర్చున్నాను. నిజంగానే లేదు. మగపిల్లల ఫోల్డర్లు ఇరవై ఒకటీ వరసగా ఉన్నాయి. LADIES ఉండాల్సిన చోట ఏమీ లేదు. వెనకాల ఒకరిద్దరు ఏడుపు మొదలుపెట్టారు. సార్ ఎక్కడని అడిగితే, ఎక్స్‌టర్నల్‌ను తీసుకురావడానికి బస్టాండుకు పోయాడని ఆయమ్మ చెప్పింది.

వెతకడానికి ఒక కమాండ్ ఉంది. find. పేరు చెబితే మెషిన్‌లో ప్రతి మూలా తిరిగి, ఆ పేరు ఎక్కడుందో చెబుతుంది. డైరీలో ఎన్నోసార్లు రాశాను గానీ నిజంగా అవసరమై కొట్టింది అదే మొదటిసారి. తెర నిండా 'నీకు ఇక్కడికి అనుమతి లేదు' అనే వరసలు పడ్డాయి. ఆ మెషిన్‌కు కూడా మా సంగతి తెలుసు కాబోలు! ఆ వరసల మధ్యలో ఒక్కటి వేరుగా కనబడింది. మా ఫోల్డర్ ఉంది. tmp అనే చోట ఉంది.

ఆ tmp అనేది మెషిన్ చిత్తుకాగితాలు పడేసుకునే చోటు. అక్కడ జాగా చాలా ఉంటుంది, కానీ మెషిన్ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా అక్కడున్నదంతా దానంతటదే తుడిచేసుకుంటుంది. నేను చదివాను. గోడ గడియారం వైపు చూశాను. పది ఇరవై. పదకొండుకు కరెంటు పోతుంది. ముసలి బ్యాటరీ అయిదు నిమిషాలు. ఆ తర్వాత పద్నాలుగు మంది ఏడాది పని ఉండదు.

మా చోటికి తిరిగి తెద్దామని కమాండ్ కొట్టాను. మెషిన్ ఒప్పుకోలేదు. జాగా లేదంది. అంత పెద్ద మెషిన్‌లో మాకు జాగా ఎందుకు లేదో చూశాను. సార్ ఫోల్డర్ ఒకటి ఉబ్బిపోయి ఉంది. లోపల అన్నీ పాటలు. సినిమా పాటలు, హీరోయిన్ల ఫోటోలు. వందలకు వందలు. ఇంకా దిగుతూనే ఉన్నాయి. నా రెండో చీటీ!

అర్థమైంది. రాత్రి పాటలకు జాగా చాలలేదు. ఇరవై ఒక్క మగపిల్లల ఫోల్డర్లలో ఒక్కదాన్నీ కదపలేదు. మమ్మల్ని మాత్రం ఎత్తి చిత్తుకాగితాల్లో పడేశాడు. ఒకటే ఫోల్డర్ కదా, ఒక్క కమాండ్‌తో పని అయిపోయింది.

మా తెరల మీద నుంచి ఆ పాటల్ని కదపడానికి మాకు అధికారం లేదు. సర్వర్ గదిలో మాత్రం సార్ తన లాగిన్ ఎప్పుడూ మూసిపోడని మగపిల్లలు చెప్పుకునేవారు. తెరిచే వదిలేస్తాడట.

"ఆయమ్మా, జర తలుపు తియ్యి" అంది గాజుల పిల్ల.

ఆయమ్మ మా మొహాలు చూసింది. "లోపలికి మిమ్మల్ని రానియ్యొద్దన్నడు గద బిడ్డా."

"పదకొండుకు కరెంటు పోతే మేమందరం ఫెయిలు. నువ్వు ఊడువనీకి పో. మేం నీ ఎన్క వస్తం."

ఆయమ్మ కొంగుముడి విప్పింది. "నేనైతే ఊడ్చనీకే తీస్తున్న. ఎన్కకు తిరిగి చూడ. చెప్పులు ఇడ్సిన్రా?"

విడిచాం. మూడేళ్లలో మొదటిసారి ఆ గదిలోకి పోయాను. ఏముంది అక్కడ? ఒక కుర్చీ, ఒక మెషిన్, కిటికీలో టీ గ్లాసులు. దీనికోసమా మమ్మల్ని మూడేళ్లు బయట నిలబెట్టింది అనిపించింది. ఆయమ్మ నిజంగానే మాకు వీపు పెట్టి ఊడుస్తోంది.

కుర్చీలో కూర్చున్నాను. ముందు దిగుతున్న పాటల్ని ఆపాను. తర్వాత ఆయన పాటల ఫోల్డర్‌ను tmp లోకి కదిపాను. తుడిచేయడానికి వేరే కమాండ్ ఉంది. అది నాకు తెలుసు. కానీ వాడలేదు. మమ్మల్ని ఎక్కడ పెట్టాడో వాటిని అక్కడ పెట్టాను. పదకొండు దాటితే వాటికి ఏమవుతుందో నాకు తెలుసా అంటే తెలుసు. తెలియదని ఇప్పుడు అబద్ధం రాయను.

అవి కదలడానికి ఎంతసేపు పట్టిందో! తెర మీద చిన్న గీత మిణుకుతోంది, అంతే. పది నలభై. పది నలభై అయిదు. గాజుల పిల్ల గుమ్మంలో నిలబడి గడియారం చూసి చెబుతోంది. "ఏమే, కూసొని పాటలు వింటున్నవా?" అని ఆ భయంలోనూ ఒక మాట విసిరింది. పది యాభై రెండుకు గీత కిందికి దిగింది. మా ఫోల్డర్‌ను కదిపాను. పాటల ముందు మా పద్నాలుగు మంది పని ఎంత? రెప్పపాటులో ఇంటికొచ్చింది. తెరిచి చూశాను. గ్రంథాలయం ఉంది. గాజులున్నాయి. అందరివీ ఉన్నాయి.

మేం బయటికొచ్చాక పదకొండుకు కరెంటు పోయింది. అయిదు నిమిషాలకు బ్యాటరీ కూడా చాలించింది.

ఒంటిగంటకు కరెంటొచ్చింది. ఒంటిగంటా పదికి ల్యాబ్ సార్ కేక ప్లైవుడ్ దాటి వినిపించింది. ఆ పని ఎవరు చేయగలరో నా చీటీలు అందుకున్న ఆయనకు వేరే చెప్పాలా? ఒంటిగంటన్నరకు నేను ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాను. ఎక్స్‌టర్నల్ సార్ పక్క గదిలో భోజనం చేస్తున్నాడు. ఆయనకు తెప్పించిన కోడికూర వాసన ఇక్కడిదాకా వస్తోంది.

"పర్మిషన్ లేకుంట సర్వర్ రూంలకు పోయింది సార్" అన్నాడు ల్యాబ్ సార్. పాటల మాట ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతాడు? ప్రిన్సిపాల్ ఫోన్ లైను మీద దించుకున్నవాయె!

"ఎందుకు పోయినవమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

ల్యాబ్ సార్ అందుకున్నాడు. "అపాలజీ లెటర్ రాయాలె సార్. లేకుంటే పరీక్షల కూసోనియ్యొద్దు."

తెల్లకాగితం ఇచ్చారు. నేను రాశాను. రాయడమే కదా నాకు వచ్చింది. పొద్దున కొట్టిన కమాండ్లన్నీ వరసగా, ఒక్కోదాని పక్కన అదేం చేసిందో తెలుగులో రాశాను. మా ఫోల్డర్ ఎక్కడ దొరికింది, అక్కడికి ఎందుకు పోయింది, పాటలు ఎన్ని, వాటిని ఎక్కడ పెట్టాను. తలుపు ఎట్లా తెరుచుకుందన్న దగ్గర మాత్రం ఆగాను. 'తలుపు తెరిచే ఉన్నది' అని రాశాను. ఆ కాగితం మొత్తంలో అదొక్కటే అబద్ధం.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "పాటలా? ఏం పాటలయ్యా?"

ల్యాబ్ సార్ మొహం మాడింది. "ఏదో సార్... పాతయి... జర కలెక్షన్."

"పాతయా? అరె, నాకు గూడ ఒక సీడీ కొట్టియ్యకపోతివి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతే. మా పద్నాలుగు మంది ఏడాదిని చిత్తుకాగితాల్లో వేసింది ఆ గదిలో ఒక సీడీ ముచ్చటగా తేలిపోయింది. ప్రిన్సిపాల్ కాగితం నా ముందుకు తోశాడు.

"మంచిగనే రాసినవ్ గని, చివర్ల సారీ అని ఒక మాట పెట్టు బిడ్డా. అయిపోతది. పో, పరీక్ష రాసుకో."

"రాయను సార్."

అది నా గొంతే. వాళ్లిద్దరికంటే నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను.

"ఏంది?"

"తప్పు నేను చెయ్యలే సార్. రాయను."

"అయితే పరీక్ష లేదు" అన్నాడు ల్యాబ్ సార్.

అప్పుడు గుమ్మంలో అలికిడైంది. చూస్తే మిగతా పదమూడు మందీ అక్కడే ఉన్నారు. గాజుల పిల్ల ముందుంది. చేతిలో తెల్లకాగితాల కట్ట.

"మేం గూడ లెటర్లు రాస్తం సార్."

"మీరెందుకమ్మా? మీరేం చేసిన్రు?"

"మా అందరిదీ ఒకటే ఫోల్డర్ గద సార్. ఒకామెది తప్పయితే అందరిదీ తప్పే. ఆమె రాసిందే మేమూ రాస్తం, పాటలతోటి సహా. పరీక్ష లేదంటే పద్నాలుగు మందికీ లేదు. పక్కరూంల సార్‌కు మీరు చెప్తరా, మమ్మల్ని చెప్పమంటరా?"

ప్రిన్సిపాల్ పక్క గది వైపు చూశాడు. అక్కడ ఎక్స్‌టర్నల్ సార్ చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు వినబడుతోంది.

"పోండ్రి పోండ్రి, అందరు పోండ్రి. టైమైతుంది" అన్నాడు. నా కాగితం మీద ఏమీ కలపకుండానే సంతకం గీకి డ్రాయరులో పడేశాడు.

పరీక్ష అయింది. ఎక్స్‌టర్నల్ సార్ నా తెర ముందు నిలబడి ఒక పాత నవల పేరులో రెండక్షరాలు చెప్పాడు. కొట్టాను. మూడో బీరువా, నాలుగో అర అని వచ్చింది. "నిజంగ అక్కడ ఉంటదా?" అని అడిగాడు. "ఉంటది సార్, చెద పట్టిన అట్ట" అన్నాను. తలూపి ముందుకు పోయాడు.

సార్లు టీకి పోయాక నేను ల్యాబ్‌లోనే ఉండిపోయాను. LADIES లోపల mkdir అని పద్నాలుగుసార్లు కొట్టాను. అంటే ఫోల్డర్ చేయమని. ఒక్కొక్కరిని పిలిచి ఏం పేరు పెట్టాలో అడిగాను. ఒకమ్మాయి ఇంటిపేరు వద్దంది, ఉత్త పేరు చాలంది. గాజుల పిల్ల తన పేరంతా పెద్దక్షరాల్లో కావాలంది. ఎవరి పని వాళ్ల ఫోల్డర్‌లోకి మార్చాను. మార్కులు వేసేటప్పుడు ఎవరిది ఏదో తెలియాలి కదా.

నెలన్నర తర్వాత మార్కులొచ్చాయి. ఎక్స్‌టర్నల్ సార్ వేసినవి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉన్నాయి. కాలేజీ తరఫున ల్యాబ్ సార్ వేసే మార్కులు మాత్రం ఆడపిల్లలం పద్నాలుగు మందికీ ఒకటే అంకె. పాసుకు సరిపోయేంత. గ్రంథాలయానికీ అంతే, గాజులకూ అంతే, ఏమీ చేయకుండా చివరిరోజు ఎవరిదో చూసి కొట్టినమ్మాయికీ అంతే.

ఈసారి నేనే అడిగాను. గాజుల పిల్లను తోడు కూడా తీసుకుపోలేదు.

"అందరిది ఒకటే ఫోల్డర్ల ఉండె గదమ్మా. ఎవరిది ఏదో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు ల్యాబ్ సార్, తెర మీంచి కళ్లు తిప్పకుండా. మళ్లీ పాటలు దిగుతున్నాయి.

అంటే ఆయన తెరిచే చూడలేదు. మా పేర్లు పద్నాలుగూ అక్కడ వరసగా ఉన్నాయి, ఒక్కసారి చూసి ఉంటే కనబడేవి. చూడకుండానే వేశాడు. నాలుగేళ్లయింది. ఇది రాస్తుంటే కూడా నా చెయ్యి గట్టిగా నొక్కుతోంది, కింది పేజీలో అచ్చు పడేంత.

డైరీలోంచి ఒక కాగితం చింపాను. ఆ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చూపించే కమాండ్ రాశాను. రెండక్షరాలది, చిన్నపిల్లలకు మొదట చెప్పేది. ఆయన బల్ల మీద, కళ్లకు కనబడేటట్టు, కీబోర్డు మీదే పెట్టాను. వెనక్కి తిరిగి గుమ్మం దాకా పోయి, చెప్పుల్లో ఒక కాలు పెట్టాక గుర్తొచ్చింది. మళ్లీ లోపలికి పోయి, ఆ చీటీ కింద నా పేరు రాసి వచ్చాను. ఇంటిపేరుతో సహా.